రాజుగారి అక్క

మా రాయ్‌పూర్ కొత్త రాష్ట్రానికి రాజధాని అయిందని వీధి వీధికీ రంగు కాగితాలు కట్టిన ఆ రోజుల్లోనే, కేబుల్ ఛానెల్ ఒకటి పాత సీరియళ్ళలోంచి మేలైన భాగాలు ఏరి మళ్ళీ వెయ్యడం మొదలుపెట్టింది. ఆ సాయంత్రం నేను పండరీ బజారు నుంచి జాకెట్ గుడ్డల మూట మోసుకుని ఊరి చివర మా బీర్‌గావ్ చేరేసరికి కాళ్ళు నావి కావనిపించాయి. టెంపోలో దారి పొడుగునా నిలబడే వచ్చాను. మూట గుమ్మంలో పడేసి, గోడకి జారబడి, చెప్పులు విప్పే ఓపిక కూడా లేక అలాగే కూర్చుండిపోయాను. మా అమ్మాయి టీవీ పెట్టింది. ఏనుగు మీద రాజు, ముందు బాకాలు, వెనక అట్టతో చేసిన కోట. "అమ్మా, నువ్వెప్పుడూ చెప్తావే, ఆ రాజుల సీరియల్ ఇదేనా?" అంది. పాట మొదలవగానే పోల్చుకున్నాను. ఇదే.

ఆ వారమంతా చూశాం. పట్టాభిషేకం, కొండ కింద యుద్ధం, యువరాజు పెళ్ళి ఊరేగింపు, ఇవీ వాళ్ళు ఏరినవి. ఏరినవాళ్ళెవరో గానీ, తీసిన రోజున ఖర్చు ఎక్కువైన భాగాలన్నీ చూసి చూసి ఏరారు. నన్నడిగి ఉంటే ఏనుగులు లేనివీ, గుర్రాలు లేనివీ చెప్పి ఉండేదాన్ని. ఒక ఆడమనిషి ఒక గదిలో నిలబడి మాట్లాడిన భాగాలే ఆ సీరియల్‌కి ప్రాణం. వాటిని చూసింది నేనూ, మా అత్తగారూ, కాలనీ ఆడవాళ్ళూ. వాటిని మాకు తెలుగులో చెప్పింది మా పెద్దాడపడుచు. వదిన గుర్తుకొస్తే ఆ సీరియల్, ఆ సీరియల్ గుర్తుకొస్తే వదిన. నాకు రెండూ కలిసిపోయి చాలా ఏళ్ళయింది.

నేను విజయనగరం దగ్గర పల్లెనుంచి పెళ్ళి చేసుకుని రాయ్‌పూర్ వచ్చినప్పుడు నాకొచ్చిన హిందీ అంతా కలిపి చారెడు లేదు. రైల్వే కాలనీలో రెండు గదుల క్వార్టరు. వెనక చిన్న పెరడు, పెరట్లో బొగ్గుల కుంపటి, గోడవతల పట్టాలు. ఇంట్లో అత్తగారు, మా ఆయన, ఆయన అక్క. మామగారు ఎప్పుడో కామెర్లొచ్చి పోయారు. అప్పటికి వదినకి పంతొమ్మిది, మా ఆయనకి అయిదు. వదిన నర్సు చదువు చదువుకుని రైల్వే ఆసుపత్రిలో చేరి తమ్ముణ్ణి పెంచింది. నేను వచ్చేసరికి ఆవిడకి నలభై దాటాయి. పెళ్ళి లేదు. క్వార్టరు ఆవిడ పేరు మీదే ఉంది. మా ఆయనది ఉర్లాలో ఫ్యాక్టరీ ఉద్యోగం, అక్కడ ఇళ్ళివ్వరు. ఇంట్లో ఉన్న మంచం, బీరువా, కూలరు, కాలనీలో మా వరసకంతటికీ ఒక్కటే అయిన టీవీ, అన్నీ వదిన కొన్నవే. ఆవిడ మాత్రం ఆ ఇంట్లో అతిథిలా తక్కువ చోటులో ఉండేది. వంటగదిలో ఒక మూల చాప, గూట్లో ఒక దువ్వెన. డ్యూటీ నుంచి వచ్చి తెల్లచీర మార్చుకుని, కొంగు బొడ్లో దోపుకుని కుంపటి ముందుకి వెళ్ళేది. కొత్త కోడల్ని, నేను చేస్తానంటే, "నువ్వు చేద్దువుగాని లేమ్మా, ముందు ఊరు అలవాటవనీ" అనేది. నాకు ఊరు అలవాటవడానికి రెండేళ్ళు పట్టింది. ఎండకైతే ఇప్పటికీ అలవాటు పడలేదు.

ఆదివారం పొద్దున సీరియల్ వచ్చేది. గంట ముందునుంచే జనం. చాపలు పరిచేవాళ్ళం. మా ఆయన డాబా మీదకెక్కి యాంటెనా తిప్పుతూ "వచ్చిందా? ఇప్పుడొచ్చిందా?" అని అరిచేవారు. కింద అందరూ ఒకేసారి వచ్చిందనీ పోయిందనీ అరిచేవాళ్ళు. ముందు వరసలో అత్తగారు, ఆవిడ వెనక తెలుగు ఆడవాళ్ళు, కిటికీ దగ్గర ఛత్తీస్‌గఢీ వాళ్ళు. వదిన మాత్రం వంటగది గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడి, ఒక చెవి ఉప్మా మీదా ఒక కన్ను టీవీ మీదా పెట్టి, ప్రతి మాటా మాకు తెలుగులో అందించేది. ఏ ఆదివారమూ ఆవిడ కూర్చుని చూడగా నేను చూడలేదు.

కథ పెద్ద చిక్కుదేమీ కాదు. ఒక చిన్న రాజ్యం. రాజు పోతాడు. కొడుకు పసివాడు. వాడి అక్క, పదిహేడేళ్ళ పిల్ల, తమ్ముణ్ణి ఒళ్ళో పెట్టుకుని రాజ్యం నడుపుతుంది. ఏళ్ళు గడుస్తాయి, తమ్ముడు పెద్దవాడై రాజవుతాడు, పెళ్ళాం పిల్లలొస్తారు. అక్క మాత్రం కోటలో అలాగే ఉండిపోతుంది. నేను చూడడం మొదలుపెట్టేనాటికి కథ అక్కడిదాకా వచ్చేసింది. రాజుగారి పిల్లలు ఆవిణ్ణి "బువా, బువా" అని పిలిచేవాళ్ళు. హిందీలో మేనత్తని అలా అంటారని నాకేం తెలుసు? మన దగ్గర బువ్వంటే అన్నం కదా. పిల్లలు ఆకలేసి పిలుస్తున్నారు, ఈవిడ వంటావిడ కాబోలు అనుకున్నాను. వంటావిడకి అన్ని నగలెందుకు పెట్టారు, రాజుగారు వంటావిడ కాళ్ళకి దణ్ణం పెట్టడమేమిటని లోపల్లోపల కొన్ని వారాలు సతమతమై, చివరికి వదినని అడిగేశాను. ఆవిడ చేతిలో గరిటె కింద పెట్టేసి, గోడ పట్టుకుని నవ్వింది. కళ్ళు తుడుచుకుని, "నువ్వన్నదీ నిజమేలే. ఏ ఇంట్లో అయినా బువా పని బువ్వ చూడడమే" అంది.

నేను హిందీ నేర్చుకున్నది ఆ కోటలోనే. దాని ఫలితం బజార్లో తెలిసొచ్చింది. ఒకసారి వదినతో పండరీ వెళ్ళాను. చీరల కొట్టతను ధర చెప్పగానే, పనిలో పనిగా నా చదువు చూపిద్దామని, "యే గుస్తాఖీ హై!" అన్నాను. రాజుగారు కోపమొచ్చినప్పుడు అనే మాట. ఎంత పొగరు నీకు, అని దానర్థం. ఎక్కువ చెప్తున్నావని అర్థం కాబోలని నేననుకున్నాను. కొట్టతను రెండు చేతులూ జోడించి, "మాఫ్ కర్‌నా రానీ సాహిబా" అని లోపలున్న వాళ్ళ అన్నని కేకేసి, నాచేత మళ్ళీ ఆ మాట అనిపించుకున్నాడు. వదిన బట్టల తానుల మీద కూలబడి నవ్వింది. కాలనీకి కూరలు తెచ్చే ముసలమ్మ దగ్గర మాత్రం నా రాజభాష పని చెయ్యలేదు. "కా కహత్ హస్ ఓ?" అనేది, ఏమంటున్నావే అని. నేను వేళ్ళతో చూపించి ఊరుకునేదాన్ని.

ఆ ఆదివారాల్లో మా ఇంటికొచ్చేవాళ్ళలో గార్డుగారొకరు. బొబ్బిలి వైపు మనిషి. యాభైకి దగ్గర. భార్య పోయి చాలాకాలం, ఒక్కగానొక్క కూతురు పెళ్ళి చేసుకుని టాటానగర్‌లో ఉండేది. గూడ్సు బండి చివరి పెట్టెలో, పగలూ రాత్రీ, మాట్లాడడానికి మనిషి లేని ఉద్యోగం. అందుకేనేమో, ఆయన వినడంలో ఆరితేరిపోయారు. మాట్లాడితే మాత్రం పక్కవాళ్ళకి కూడా వినపడనంత మెల్లగా మాట్లాడేవారు. డ్యూటీలవల్ల ఆయనకి రెండు ఆదివారాలకొకటి తప్పిపోయేది. తప్పిపోయిన భాగం అడగడానికి బుధవారమో గురువారమో పెరటి గుమ్మం దగ్గరకొచ్చి నిలబడేవారు. వదిన చిక్కుడుకాయలు వలుస్తూనో, బియ్యం ఏరుతూనో కథ చెప్పేది. ఆయన ఒక మోడా పీట లాక్కుని కూర్చుని, తనూ నాలుగు కాయలు చేతిలోకి తీసుకుని ఈనెలు తీస్తూ వినేవారు.

వదిన చెప్తుంటే వినాలి. టీవీలో అట్టకోట కనపడేది గానీ, ఆవిడ చెప్పేటప్పుడు రాతికోట కనపడేది. మంత్రి గొంతు వేరే, దాసి గొంతు వేరే. రాణిగారు తలుపు వెనకనుంచి విన్నారని చెప్పేటప్పుడు ఆవిడ గొంతు తగ్గించేది, మేమిద్దరం ముందుకి వంగేవాళ్ళం. పసివాణ్ణి సింహాసనం ఎక్కించిన భాగం నేను చూడలేదు, నేను రాకముందే అయిపోయింది. గార్డుగారడిగితే ఆవిడ ఒక మధ్యాహ్నం చెప్పింది. మంత్రులు, పసివాడు కూర్చోలేడు, ఇంకెవరినైనా కూర్చోబెడదామని గోల చేస్తుంటే, ఆ పిల్ల తమ్ముణ్ణెత్తుకుని తనే వెళ్ళి సింహాసనం మీద కూర్చుంటుందట. వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "రాజు కూర్చున్నాడు. నేను మనిషిని కాను, ఆయన ఆసనాన్ని" అంటుందట. చెప్పి, వదిన చేటలో బియ్యాన్ని ఊరికే అటూ ఇటూ కదిపింది. గార్డుగారు చేటలోంచి ఒక వడ్లగింజ ఏరి పారేశారు. తరవాత, "ఆసనంలాగ ఎన్నాళ్ళుంటారండీ మనిషి?" అన్నారు. "అది అడిగినవాళ్ళు సీరియల్లో ఎవరూ లేరండి" అంది వదిన.

ఆవిడకి ఆదివారం డ్యూటీ పడితే నేను చూసి చెప్పాల్సి వచ్చేది. అక్కడే వచ్చింది తంటా. ఒక వారం మంత్రి పరుగెత్తుకొచ్చి "రాజ్ ఖుల్ గయా" అన్నాడు. గుట్టు బయటపడిందని అర్థమట. నాకు వినపడింది రాజ్యం. రాజ్యం పోయింది వదినా, అని చెప్పాను. వదిన గార్డుగారికి చెప్పింది. ఆయన వెళ్ళి బండి సిబ్బంది విశ్రాంతి గదిలో అందరికీ చెప్పారు. తరవాతి ఆదివారం రాజ్యం చెక్కుచెదరకుండా ఉంది. గార్డుగారు గుమ్మం దగ్గర నిలబడి, అస్సలు నవ్వకుండా, "పోయిన రాజ్యం ఎలాగ తిరిగొచ్చిందమ్మా? అక్కడ మావాళ్ళు నన్ను నిలదీస్తున్నారు" అని నన్నడిగారు.

అత్తగారికి ఆ సీరియలంటే ప్రాణం. "ఇది మన పెద్దమ్మాయి కథేనే" అనేది వచ్చినవాళ్ళతో. "సంబంధాలు రాలేదేటి? బోల్డొచ్చాయి. తమ్ముడి చదువు అవనీమని అదే వద్దంది." వదిన ఒకసారి గిన్నెలు సర్దుతూ నాకు మాత్రమే వినపడేలా, "అవనీ అన్నది అమ్మేలేమ్మా. నేను ఊ అన్నానంతే" అంది. కోపంగా కాదు, ఏ రోగి ఏ వార్డులో ఉన్నాడో చెప్పినట్టుగా.

ఒక మంగళవారం పొద్దున, వదిన డ్యూటీలో ఉండగా, గార్డుగారు ఇస్త్రీ బట్టలేసుకుని, అరటిపళ్ళు పట్టుకుని ముందు గుమ్మం నుంచి వచ్చారు. ఆదివారం జనంతో కాకుండా ఆయన ముందు గుమ్మం నుంచి రావడం నేను అదే మొదటిసారి చూడడం. అత్తగారి మంచం ఎదురుగా నిలబడి, "అమ్మా, మీ అమ్మాయిగార్ని అడుగుదామని వచ్చాను" అన్నారు.

"డ్యూటీకెళ్ళిందయ్యా. ఏటి కావాల? మాత్రలా?" అంది అత్తగారు.

"మాత్రలు కావండి. ఆవిడకిష్టమైతే నేను పెళ్ళి చేసుకుంటాను. ముందు మీతో చెప్పడం మర్యాదని వచ్చాను."

అత్తగారు ఆయన్నీ అరటిపళ్ళనీ మార్చి మార్చి చూసింది. "దాంతో మాట్లాడేవా?" అంది చివరికి.

"మాట్లాడేనండి. అమ్మతో చెప్పండి అన్నారు."

ఆయన వెళ్ళాక ఆ పళ్ళు మూడు రోజులు బల్లమీద అలాగే ఉండి నల్లబడ్డాయి. ఎవరూ ముట్టుకోలేదు. నాకప్పుడు అయిదో నెల. అరటిపండు తినాలని ఉన్నా చెయ్యి వెళ్ళలేదు.

కష్టమేమిటంటే, గార్డుగారిలో వంక పెట్టడానికి ఏమీ లేదు. మనవాళ్ళే. తాగరు. నెమ్మదస్తుడు. అత్తగారు రోజంతా వెతికేది. "గార్డు బతుకు, ఇంట్లో ఉంటాడేటి?" అనేది. "ఈ వయసులో పెళ్ళంటే కాలనీ నవ్వదూ?" అనేది. "మగాడు చిక్కుడుకాయల ఈనెలు తీస్తాడేటి, నాను అప్పుడే అనుకున్నాను" అనేది. అసలు మాట మాత్రం ఎవరి నోటా రాలేదు. అది చివరికి మా ఆయన నోట వచ్చింది. ఒక సాయంత్రం అన్నం ముందు కూర్చుని, కంచంలోకి చూస్తూ, "అక్కా, మొగుడూ పెళ్ళాలకి రైల్వే ఒకటే క్వార్టరిస్తాది. నువ్వెళ్తే ఇది ఖాళీ చెయ్యాల. దీనికి చూస్తే నెలలు. ఎక్కడికెళ్తాం?" అన్నారు. వదిన ఆయనకి చారు పోసింది. "చూద్దాంలేరా, తిను" అంది. ఆయన తినకుండా లేచి, కొళాయి దగ్గర చాలాసేపు మొహం కడుక్కున్నారు. చెడ్డ మనిషి కారు మా ఆయన. అయిదేళ్ళప్పటినుంచీ ఒక్క చెయ్యే పట్టుకుని నడిచిన మనిషి, ఆ చెయ్యి వదలమంటే ఎలా వదలాలో ఆయనకెవరూ నేర్పలేదు. ఆ రోజుల్లో వదిన ఎప్పటిలాగే డ్యూటీకి వెళ్ళింది, వచ్చింది, వండింది. ఎవరితోనూ దెబ్బలాడలేదు. ఎవర్నీ ఏమీ అడగలేదు. రాత్రి పడుకోబోయే ముందు మాత్రం కాళ్ళకి ఆముదం రాసుకుంటూ గోడవైపు చూస్తూ కూర్చునేది. ఆ మడమల పగుళ్ళు చూస్తే నాకు భయమేసేది, మనిషి కాళ్ళు ఇలా అయిపోతాయా అని.

అప్పుడు వచ్చింది ఆ ఆదివారం. సీరియల్లో, పక్క రాజ్యం రాజు, ఒకప్పుడు బువాని అడిగి కాదనిపించుకున్నవాడు, తలనెరిసి, భార్య పోయి, మళ్ళీ వస్తాడు. ఇప్పుడైనా రమ్మంటాడు. కోటలో గది, కిటికీలోంచి వెలుగు, ఇద్దరు ముసలివాళ్ళు. ఏనుగు లేదు, గుర్రం లేదు. తమ్ముడు రాజు పరుగెత్తుకొచ్చి అక్క కాళ్ళు పట్టుకుంటాడు. నువ్వు వెళ్తే ఈ కోట నిలవదంటాడు. మా గదిలో చాపల మీద ఇసకేస్తే రాలనంత జనం. అందరికీ మా ఇంటి సంగతి తెలుసు. ఎవరూ వదిన వైపు చూడడం లేదు, అంటే అందరూ ఆవిణ్ణే చూస్తున్నారన్నమాట. మా ఆయన డాబా దిగి వచ్చి తలుపు పక్కన నిలబడ్డారు. గార్డుగారు ఆ రోజు రాలేదు. బండి మీద ఉన్నారో, కావాలనే రాలేదో నాకు తెలీదు.

వదిన ఆ రోజు ఒక్క మాట కూడా తప్పకుండా తెలుగులో చెప్పింది. ఆ రాజు మాటలు చెప్పింది, తమ్ముడి మాటలు చెప్పింది. బువా తమ్ముడి తలమీద చెయ్యి వేసి, "నేను వెళ్ళను. ఈ కోట గోడల్లో నేనొక రాయిని. రాయి ఎక్కడికి వెళ్తుంది?" అంటే, అది కూడా చెప్పింది. గదిలో ఏడవని వాళ్ళు లేరు. కిటికీ దగ్గరి ఛత్తీస్‌గఢీ ఆడవాళ్ళు కూడా కొంగులు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. అత్తగారు కళ్ళొత్తుకుంటూ, అందరికీ వినపడేలా, "అదీ ఆడపుట్టుకంటే. చూసేవా అమ్మడూ? ఎంత మాటందో!" అంది.

వదిన ఉప్మా గిన్నె దించి వచ్చింది. జనాన్ని తప్పించుకుంటూ వెళ్ళి టీవీ కట్టేసింది. తరవాత, నేను వచ్చాక మొదటిసారి, గదిలో ఉన్న ఒక్క కుర్చీలో కూర్చుంది.

"చూసేనమ్మా" అంది. "బాగా చెప్పింది. ఆవిడకేటి, కోట ఉంది, కాళ్ళొత్తడానికి దాసీలున్నారు. ఎన్నాళ్ళైనా రాయిలాగ ఉంటాది. ఆవిడ ఒక్కనాడు బొగ్గులు రాజేసిందా? వార్డులో ఎనిమిది గంటలు నిలబడొచ్చి మళ్ళీ రోటి ముందు కూర్చుందా? నాకు కాళ్ళు పీకుతున్నాయమ్మా. పాతికేళ్ళనించీ పీకుతున్నాయి."

"అయితే ఏటంటావు?" అంది అత్తగారు. గొంతులో ఏడుపు ఆరిపోయింది.

"నాను ఎల్తాను. తమ్ముడికి జీతముంది, పెళ్ళాముంది. రేపో మాపో బిడ్డొస్తాది. బస్, ఇంక చాలు. ఆయనింట్లో నాను కూర్చుంటే, లెగమనేవాళ్ళు ఎవరూ లేరు. నాకు అంతే కావాల."

జనం మెల్లగా చాపలు దాటుకుంటూ వెళ్ళిపోయారు. ఆ ఆదివారం ఉప్మా ఎవరూ తినలేదు. మధ్యాహ్నం నేను వేడి చేసి పెడితే వదిన ఒక్కతే కుర్చీలోనే కూర్చుని తింది.

పెళ్ళి కాలనీ రామాలయంలో జరిగింది. అత్తగారు గోడవైపు తిరిగి పడుకుని, ఒంట్లో బాగాలేదంది. నేను వెళ్ళాను. మా ఆయన రానన్నవారు, తాళి కట్టే సమయానికి వచ్చి అందరికంటే వెనక నిలబడి, అక్షింతలు ఎవర్నో అడిగి తీసుకుని వేశారు. నాలుగు గింజలు ఆవిడ దాకా వెళ్ళలేదు, నా జడమీద పడ్డాయి. వదిన పట్టుచీర కట్టుకోలేదు, పండరీలో నేను గుస్తాఖీ అని బేరమాడిన చీరే కట్టుకుంది. గార్డుగారు నాకు అప్పటినుంచి అన్నయ్యగారయ్యారు. కొన్నాళ్ళకి వాళ్ళిద్దరూ డోంగర్‌గఢ్ బదిలీ చేయించుకున్నారు.

మేం క్వార్టరు ఖాళీ చేసి బీర్‌గావ్‌లో అద్దెకి దిగాం. ఆ మొదటి ఏడాది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు బరువెక్కుతుంది. కొళాయి వీధి చివర. నెలలు నిండిన కడుపుతో బిందె మోశాను. ఆరేసిన బట్టలమీద ఫ్యాక్టరీ పొగ నల్లటి పొడిగా పడేది, ఉతికిన చీర మళ్ళీ ఉతకాల్సి వచ్చేది. ధర్సీవా ఆసుపత్రిలో పిల్ల పుట్టింది. వదిన కబురందుకుని వచ్చి, మూడు రోజులుండి వెళ్ళింది. అత్తగారు ఆ మూడు రోజులూ ఆవిడ చేతి కాఫీ తాగింది గానీ, మాట్లాడలేదు. ఆ కాలంలోనే నాకు వదిన అలసట అర్థమైంది. ఎవరో చెప్తే అర్థమయ్యేది కాదది. ఎవరి అలసట వాళ్ళ మోకాళ్ళలోకి దిగాక గాని తెలీదు.

టీవీ వదిన మాకే వదిలి వెళ్ళింది. బీర్‌గావ్ కరెంటుకి అది ఎక్కువ కాలం నిలవలేదు, ఒక సాయంత్రం టప్‌మని శబ్దం చేసి ఆరిపోయింది. బాగు చేయించలేదు. ఆదివారాలు నేను పిల్లనెత్తుకుని పక్కింటికి వెళ్ళి చూసేదాన్ని. అత్తగారు రాదు. "మనింటికి చాపలేసుకుని జనం వచ్చేవారు. నానెళ్ళి ఒకరి గుమ్మంలో కూర్చుంటానేటి?" అనేది. తిరిగొచ్చి నేను చెప్పబోతే, "నీకు హిందీ ఏటొచ్చు? రాజ్యం పోయిందంటావు" అని అటు తిరిగేది. చివరి భాగం కూడా నేను పక్కింట్లోనే చూశాను. ముసలి బువా సింహాసనం పక్కన నిలబడి నిలబడి అలాగే ఒరిగి ప్రాణం వదులుతుంది. తమ్ముడు రాజు ఆవిడ విగ్రహం చెక్కించి కోట ముందు నిలబెడతాడు. ప్రజలు పూలు చల్లుతారు. అయిపోయింది.

సీరియల్ అయిపోయిందని అత్తగారికి ఎవరో చెప్పారు. రెండు వారాలు ఊరుకుంది. ఒక పొద్దున తలంటుకుని, పెట్టె తీసి మంచి చీర కట్టుకుని, "డోంగర్‌గఢ్ కొండమీద అమ్మవారు సత్యమున్న తల్లంట. మొక్కుంది, ఎల్దాం పద" అంది. ఏ మొక్కో నేను అడగలేదు. పాసింజర్లో పిల్లనెత్తుకుని వెళ్ళాం. దిగాక ఆవిడ కొండవైపు తల కూడా తిప్పలేదు. స్టేషన్లో ఒక పోర్టరుని పట్టుకుని, నర్సమ్మగారి ఇల్లెక్కడని తెలుగులోనే అడిగింది. అతను చూపించాడు.

వదిన వరండాలో కేన్ కుర్చీలో కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి లేవబోయింది. "కూర్చో, కూర్చో" అంది అత్తగారు. ఏడాదిన్నర తరవాత ఆవిడ కూతురితో అన్న మొదటి మాట అది. అన్నయ్యగారు బయటికొచ్చి, దణ్ణం పెట్టి, నా చేతుల్లోంచి పిల్లని అందుకుని, టీ పెడతానని లోపలికి వెళ్ళారు. అత్తగారు వరండా అంతా కలియచూసింది. తులసి మొక్క చూసింది. కూతురి కాళ్ళు చూసింది. టీ తాగింది. గ్లాసు కింద పెట్టి, ఏదో పక్కింటి సంగతి అడుగుతున్నట్టుగా, "ఆ ముసిల్ది చివరికి ఏటయిందే?" అంది.

వదిన నా వైపు చూసింది. నేను చూసి ఉంటానని ఆవిడకి తెలుసు. నేను ఖాళీ గ్లాసులు దగ్గరికి చేర్చుకున్నాను. అప్పుడు చెప్పడం మొదలుపెట్టింది. వెనకటిలాగే, ఆవిడ గొంతు తగ్గించగానే మేం ముందుకి వంగాం. బువా ఒక తెల్లవారు జామున లేస్తుందట. బీరువాలన్నిటి తాళాలూ ఒక పళ్ళెంలో పెట్టి తమ్ముడి భార్య చేతికిస్తుందట. తమ్ముడు నిద్రపోతుంటే దుప్పటి సర్ది, దాసీలెవర్నీ లేపకుండా, కోట మెట్లు ఒక్కొక్కటే దిగుతుందట. కింద పల్లకీ ఉంటుందట. బోయీలు ఎక్కడికమ్మా అంటే, ముందు నది దాటించండయ్యా, తరవాత చెప్తాను అంటుందట.

"ఆ రాజు దగ్గరికేనా?" అంది అత్తగారు.

"అది చూపించలేదమ్మా. పల్లకీ ఎక్కి వెనక్కి జారబడి కాళ్ళు చాపుకుంది. అక్కడితో అయిపోయింది."

వంటగది గుమ్మంలో అన్నయ్యగారు పిల్లని భుజాన వేసుకుని నిలబడి వింటున్నారు. ఆయన కూడా చివరి భాగం చూశారని ఆయన మొహం చూస్తే తెలిసింది. మేమిద్దరం ఒకరి వైపు ఒకరు చూసుకోకుండా జాగ్రత్తపడ్డాం.

అత్తగారు ఇంటెదుటి పట్టాల వైపు తిరిగి కూర్చుంది. ఒక గూడ్సు వెళ్ళింది. దాని చప్పుడు పూర్తిగా పోయేదాకా ఆగి, "మంచి పని చేసింది" అంది. "ఎన్నాళ్ళని నిలబడతాది, ఆడమనిషి." తరవాత వంగి, కూతురి పాదం ఒకటి చేతుల్లోకి తీసుకుని, మడమ మీద బొటనవేలితో రాసి చూసింది. వదిన కాలు లాక్కోబోయి ఆగిపోయింది. వాళ్ళిద్దరూ ఏడవలేదు. ఏడ్చింది నేనే, పిల్ల పాలకి లేచిందని వంక పెట్టి లోపలికి వెళ్ళి.

ఆ తరవాత అత్తగారు నెలకోసారి డోంగర్‌గఢ్ వెళ్ళేది, పోయేముందు ఏడాదంతా అక్కడే ఉంది. కొండ మాత్రం ఎక్కనేలేదు. అన్నయ్యగారు రిటైరయ్యారు, చెవులు మందగించాయి. వదిన ఇప్పుడు ఆయనకి గట్టిగా అరిచి చెప్పాల్సి వస్తోందని నవ్వుతుంది. మా ఆయన ఫ్యాక్టరీ రెండుసార్లు మూతపడి తెరుచుకుంది. నేను జాకెట్లు కుట్టడం మొదలుపెట్టి పదేళ్ళయింది. మెషీను ముందునుంచి లేచేసరికి నడుం నిలబడదు, మరునాటికి మళ్ళీ మూట సిద్ధంగా ఉంటుంది. ఆ కాలనీలో ఒక ఆదివారానికీ ఇంకో ఆదివారానికీ మధ్య ఎంత దూరం ఉండేదో నాకు బాగా గుర్తు; ఇప్పుడు ఏడాదికీ ఏడాదికీ మధ్య కూడా అంత దూరం కనపడడం లేదు.